విండోస్ భద్రత ఆపకుండా బ్యాకప్ నడిపించడం ఎలా?

"బ్యాకప్ ఫెయిల్డ్" అని ఎర్రగా కనిపించగానే చాలామంది చేసే మొదటి పని విండోస్‌తోపాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌ను ఆఫ్ చేయడం. ఆ రాత్రికి బ్యాకప్ పూర్తవుతుంది, టెన్షన్ పోతుంది, ఆఫ్ చేసిన డిఫెండర్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. వాచ్‌మన్ ఒక లారీని ఆపాడని మార్కెట్ యార్డు గేటునే పీకి పక్కన పెట్టడం లాంటి పని ఇది. ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు అని కనుక్కుని ఆ ఒక్క లారీకి పాస్ రాయిస్తే చాలు. ఆ పాస్ ఎలా రాయించాలో ఇక్కడ చెప్తాను.

ఉదాహరణకు కర్నూలు మార్కెట్ యార్డులో ఎర్రగడ్డల కమీషన్ వ్యాపారం చేసే ఒక అంగడి అనుకోండి. విండోస్ 11 ప్రో ఉన్న కంప్యూటర్ ఒకటి, అందులో టాలీప్రైమ్, రైతుల లెక్కల ఎక్సెల్ షీట్లు, బిల్లుల పీడీఎఫ్‌లు. వెనక గదిలో ఒక నాస్ పెట్టె (నెట్‌వర్క్ మీద ఫైళ్లు దాచుకునే డిస్క్ పెట్టె), సొరుగులో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్. ఆదోనిలో పత్తి వ్యాపారి అయినా, అనంతపురంలో ఆడిటర్ ఆఫీసు అయినా, కడపలో ల్యాబ్ అయినా దాదాపు ఇదే సరంజామా ఉంటుంది. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ ఏడాది వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు దాచిపెట్టాలి కాబట్టి, "పాతవి పోతే పోనీలే" అనుకోవడానికి వీల్లేదు.

మెనూ పేర్లన్నీ తెలుగు లిపిలో రాస్తున్నాను. తెరమీద అవే మీకు ఇంగ్లీషులో కనిపిస్తాయి.

మొదలుపెట్టే ముందు స్టార్ట్‌లో "విన్‌వర్" అని ఇంగ్లీషులో కొట్టి మీ విండోస్ ఏదో చూసుకోండి. హోమా, ప్రోనా అన్నది ముఖ్యం. వెర్షన్ 24హెచ్2 లేదా ఆ తర్వాతిది అయితే నెట్‌వర్క్ దగ్గర అదనంగా ఒక చిక్కు ఉంటుంది, దాని గురించి కింద చెప్తాను. ఇంకా విండోస్ 10 మీదే ఉంటే, దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ముందు విండోస్ 11కు మారే పని చూసుకోండి.

ముందు ఎవరు ఆపారో కనుక్కోండి

ఈ మెట్టు దాటేసి నేరుగా సెట్టింగ్స్ మార్చడం మొదలుపెడితే ఏది మార్చినందుకు పని జరిగిందో చివరికి మీకే తెలియదు. అందుకని ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

మొదట బ్యాకప్ సాఫ్ట్‌వేర్ సొంత లాగ్ తెరిచి ఎర్రర్ నంబరు చూడండి. 5 అంటే యాక్సెస్ డినైడ్, అనుమతి లేదని. 32 అంటే ఆ ఫైలును వేరే ప్రోగ్రామ్ పట్టుకుని ఉందని. టాలీ తెరిచి వదిలేసి ఇంటికి వెళ్లిన రోజుల్లో కనిపించేది ఇదే, దీనికీ భద్రతకూ సంబంధం లేదు. 53 అంటే నెట్‌వర్క్ దారి దొరకలేదని, 112 అంటే డిస్క్ నిండిపోయిందని, 1326 అంటే యూజర్ పేరో పాస్‌వర్డో తప్పని. డిస్క్ నిండితే డిఫెండర్‌ను తిట్టుకుంటూ ఆఫ్ చేసినవాళ్లు ఉన్నారు, కాబట్టి నంబరు చూడకుండా ఏదీ ముట్టుకోకండి.

నంబరు 5 అయితే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. ఎడమవైపు అప్లికేషన్స్ అండ్ సర్వీసెస్ లాగ్స్, అందులో మైక్రోసాఫ్ట్, అందులో విండోస్, అందులో విండోస్ డిఫెండర్, చివరగా ఆపరేషనల్. బ్యాకప్ ఆగిన సమయానికి అటూ ఇటూ చూడండి. ఈవెంట్ 1123 ఉంటే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ ఆపిందన్నమాట, అదేంటో కింది భాగంలో చెప్తాను. ఆ ఈవెంట్ లోపల ఏ ప్రోగ్రామ్, ఏ ఫోల్డర్‌లో రాయబోయింది, ఏ యూజర్ పేరు మీద నడుస్తోంది అన్నీ ఉంటాయి. ప్రోగ్రామ్ పూర్తి దారిని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టుకోండి. మూలన వచ్చి మాయమయ్యే నోటిఫికేషన్‌ను నమ్ముకుంటే ఇందులో సగం కూడా తెలియదు.

అసలు ప్రోగ్రామే తెరుచుకోకపోతే అది వేరే సంగతి. ఆఫీసు కంప్యూటర్లలో ఏ ప్రోగ్రామ్‌లు నడవొచ్చో నిర్ణయించే యాప్‌లాకర్ పెట్టి ఉంటే దాని లాగ్‌లో 8004 వస్తుంది. అలాంటిదే అయిన యాప్ కంట్రోల్ విధానం ఆపితే కోడ్ ఇంటెగ్రిటీ ఆపరేషనల్ లాగ్‌లో 3077 వస్తుంది. ఈ రెండూ ఎవరో అడ్మిన్ కావాలని పెట్టినవి. వాటి గురించి చివర్లో.

ఎర్రర్ 5 వచ్చింది కానీ డిఫెండర్ లాగ్‌లో ఏమీ లేదంటే, చాలావరకు ఫోల్డర్ మీదున్న మామూలు అనుమతుల గొడవే. అప్పుడు ఖాతా గురించి రాసిన భాగానికి వెళ్లండి.

కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌తో సర్దుబాటు

ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ వాటిని పాడు చేయకుండా మైక్రోసాఫ్ట్ దీన్ని 2017లో విండోస్ 10 వెర్షన్ 1709తో తెచ్చింది. డాక్యుమెంట్స్, పిక్చర్స్, వీడియోస్, మ్యూజిక్ లాంటి ఫోల్డర్లలో నమ్మకం కుదరని ప్రోగ్రామ్ ఏదీ రాయకుండా, మార్చకుండా, చెరపకుండా ఆపుతుంది. మామూలుగా ఇది ఆఫ్‌లోనే ఉంటుంది, మనమే ఆన్ చేసుకోవాలి. డిఫెండర్ బదులు వేరే యాంటీవైరస్ నడుస్తుంటే ఇది పనిచేయదు.

ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకోండి. ఇది చదవడాన్ని ఆపదు, రాయడాన్నే ఆపుతుంది. అంటే డాక్యుమెంట్స్‌లోని ఎక్సెల్ షీట్లను బ్యాకప్ తీసుకునేటప్పుడు ఏ అడ్డూ రాదు, రోజూ ఆకుపచ్చ టిక్ పడుతూనే ఉంటుంది. ఏడాది తర్వాత ఫైలు పోయి, దాన్ని తిరిగి డాక్యుమెంట్స్‌లోకి తెచ్చుకోబోయినప్పుడు ఎర్రర్ 5 రావొచ్చు. అసలే కంగారులో ఉంటారు, పైగా ఆ రోజు 3బి రిటర్న్ వేయాల్సిన 20వ తేదీ కూడా అయితే ఇక చెప్పక్కర్లేదు. కాబట్టి బ్యాకప్ సజావుగా నడుస్తున్నా సరే, ఈ అనుమతి ముందే ఇచ్చి పెట్టుకోవాలి.

ఇంకా ఆన్ చేయకపోతే, నేరుగా అడ్డుకునే స్థితిలో పెట్టకండి. ముందు ఆడిట్ మోడ్‌లో పెట్టండి. అప్పుడు ఏదీ ఆగదు, కానీ ఆగి ఉండాల్సిన ప్రతిదీ 1124 నంబరుతో అదే లాగ్‌లో నమోదవుతుంది. సెట్టింగ్స్ తెరలో ఈ అవకాశం కనిపించదు. ప్రో అయితే గ్రూప్ పాలసీ ఎడిటర్‌లో కంప్యూటర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపొనెంట్స్, మైక్రోసాఫ్ట్ డిఫెండర్ యాంటీవైరస్, మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఎక్స్‌ప్లాయిట్ గార్డ్ మీదుగా కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌కు వెళ్లాలి. హోమ్‌లో గ్రూప్ పాలసీ ఎడిటర్ ఉండదు, పవర్‌షెల్ ఆదేశంతో పెట్టుకోవచ్చు. ఒక వారం, వీలైతే నెలాఖరు పనులు కూడా కలిసొచ్చేలా అలా వదిలేయండి. ప్రింటర్ స్కాన్ ప్రోగ్రామ్, బిల్లులు సేవ్ చేసే ప్రోగ్రామ్, ఎప్పుడో పెట్టి మరిచిపోయిన చిన్న టూల్ ఒక్కొక్కటీ బయటపడతాయి. అన్నిటికీ అనుమతి ఇవ్వాలని లేదు. కొన్నిటిని చూస్తే తీసేయడమే మేలనిపిస్తుంది.

అనుమతి ఇచ్చేది విండోస్ సెక్యూరిటీలో. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, కింద మేనేజ్ రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్, అందులో అలౌ యాన్ యాప్ త్రూ కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్. ఇటీవల ఆపిన ప్రోగ్రామ్‌ల జాబితా అక్కడే కనిపిస్తుంది, లేదా బ్రౌజ్ చేసి ప్రోగ్రామ్‌ను చూపించొచ్చు. ఇక్కడ ఎక్కువమంది తడబడతారు. బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో మనం నొక్కే కిటికీ ఒక ప్రోగ్రామ్, వెనక నిశ్శబ్దంగా ఫైళ్లు రాసే సర్వీసు మరో ప్రోగ్రామ్. డెస్క్‌టాప్ ఐకాన్ చూసి మొదటిదానికి అనుమతి ఇస్తే ఏమీ మారదు. 1123 ఈవెంట్‌లో ఏ పేరు ఉందో దానికే ఇవ్వాలి, ఇందాక నోట్‌ప్యాడ్‌లో పెట్టుకోమన్నది అందుకే.

ఇచ్చాక ఆ సర్వీసును ఆపి మళ్లీ మొదలుపెట్టండి, లేదా కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి. అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్‌కు కొత్త అనుమతి వర్తించదు, మళ్లీ మొదలయ్యాకే వర్తిస్తుంది. "అనుమతి ఇచ్చినా ఆపుతోందన్నా" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి జవాబు ఇదే.

పవర్‌షెల్‌నూ, కమాండ్ ప్రాంప్ట్‌నూ ఆ జాబితాలో ఎప్పుడూ పెట్టకండి. మీ బ్యాచ్ ఫైలు వాటితోనే నడవొచ్చు, కానీ రాన్సమ్‌వేర్ కూడా వాటితోనే నడుస్తుంది. అలాగే "మొత్తం సి డ్రైవ్‌ను ఎక్స్‌క్లూజన్‌లో పెట్టండి" అని సలహా ఇచ్చే వీడియోలు కనిపిస్తాయి. అది చేస్తే డిఫెండర్ ఆ డ్రైవ్‌ను చూడనే చూడదు, ఉన్నా లేనట్టే.

టాలీ డేటా సంగతి కొంచెం వేరు. కొత్త టాలీప్రైమ్ ఇన్‌స్టలేషన్లలో డేటా సాధారణంగా సి డ్రైవ్‌లో యూజర్స్, పబ్లిక్, టాలీప్రైమ్, డేటా అనే ఫోల్డర్‌లో ఉంటుంది. ఇది పైన చెప్పిన రక్షిత ఫోల్డర్ల జాబితాలోకి తనంతట తాను రాదు. మీకు అన్నిటికంటే విలువైనది అదే కాబట్టి ప్రొటెక్టెడ్ ఫోల్డర్స్‌లో మీరే చేర్చండి, చేర్చిన వెంటనే టాలీకి అనుమతి ఇచ్చి ఒక వోచర్ ఎక్కించి చూడండి. ఈ పని పొద్దున అంగడి తెరిచి రైతులు వరుసలో నిలబడ్డప్పుడు చేయకండి. బ్యాకప్ కాపీలు రెండో డ్రైవ్‌లో ఉంటే ఆ ఫోల్డర్‌ను కూడా చేర్చండి. అప్పుడు నమ్మకం కుదరని ప్రోగ్రామ్ ఏదీ ఆ కాపీల మీద చెయ్యి వేయలేదు.

సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడు ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ నంబరున్న ఫోల్డర్‌లోకి మారితే పాత అనుమతి పనికిరాదు. పెద్ద అప్‌డేట్ జరిగిన మర్నాడు లాగ్ ఒకసారి తెరిచి చూడాలి.

తెరిచి ఉన్న ఫైళ్లు

ఎర్రర్ 32కు విండోస్‌లోనే వాల్యూమ్ షాడో కాపీ అనే ఏర్పాటు ఉంది. ఒక క్షణం దగ్గర డిస్క్‌ను ఫొటో తీసినట్టు పట్టుకుని, ఆ ఫొటో నుంచి బ్యాకప్ తీస్తుంది. మంచి బ్యాకప్ సాఫ్ట్‌వేర్ అన్నీ దీన్ని వాడతాయి, ఆప్షన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. అయితే టాలీ మధ్యలో ఏదో రాస్తుండగా తీసిన కాపీని నేను పూర్తిగా నమ్మను. రాత్రి అంగడి కట్టేముందు అందరూ టాలీ నుంచి బయటికొచ్చాక, ఆల్ట్, వై కలిపి నొక్కితే వచ్చే డేటా మెనూలో బ్యాకప్ ఎంచుకుని ఒక లోకల్ ఫోల్డర్‌లోకి తీయండి. తర్వాత బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆ ఫోల్డర్‌ను నాస్‌కు మోసుకెళ్తుంది. రెండు మెట్లు అవుతాయి, కానీ తిరిగి తెరుచుకుంటుందన్న ధైర్యం ఉంటుంది.

బ్యాకప్‌కు ప్రత్యేక ఖాతా

యజమాని అడ్మిన్ ఖాతాతో బ్యాకప్ నడపడం తేలిక, అందుకే అందరూ అదే చేస్తారు. ఆ పాస్‌వర్డ్ మారిన రోజున బ్యాకప్ ఆగిపోతుంది, ఆ ఖాతాలోకి ఏదైనా చొరబడితే అన్నీ దాని చేతికే వెళ్తాయి.

మీరే రాసుకున్న స్క్రిప్ట్‌తోనో, టాస్క్ షెడ్యూలర్‌తోనో నడుపుతుంటే కొత్తగా ఒక మామూలు లోకల్ యూజర్‌ను సృష్టించండి. ప్రోలో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ లోపల లోకల్ యూజర్స్ అండ్ గ్రూప్స్‌లో అతన్ని బ్యాకప్ ఆపరేటర్స్ అనే గ్రూపులో చేర్చండి. ఈ గ్రూపు సభ్యులకు ఫోల్డర్ల మీది అనుమతులతో పని లేకుండా బ్యాకప్ కోసం ఫైళ్లు చదివే హక్కు, తిరిగి పెట్టే హక్కు ఉంటాయి. బ్యాచ్ జాబ్‌గా లాగాన్ అయ్యే హక్కు కూడా ముందే ఉంటుంది. అడ్మిన్ కాదు కదా అని చిన్నచూపు చూడకండి, అన్ని ఫైళ్లనూ చదవగలిగే ఖాతా అది. పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టండి, రోజువారీ పనికి ఎవరికీ ఇవ్వకండి.

హక్కు ఉంటే సరిపోదు, ప్రోగ్రామ్ దాన్ని అడిగి వాడుకోవాలి. విండోస్‌లోనే ఉండే కాపీ ఆదేశం రోబోకాపీ అయితే స్లాష్ బి అనే స్విచ్ ఇస్తేనే బ్యాకప్ మోడ్‌లో చదువుతుంది, లేకపోతే మామూలు యూజర్‌లాగే అడ్డం తగులుతుంది. అలాగే టాస్క్‌లో రన్ విత్ హయ్యెస్ట్ ప్రివిలెజెస్ టిక్ పెట్టాలి, లేదంటే యూఏసీ (అడ్మిన్ పనులకు అనుమతి అడిగే విండోస్ ఏర్పాటు) ఆ హక్కుల్ని పక్కన పెట్టేస్తుంది.

కొని ఇన్‌స్టాల్ చేసిన బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌కు ఇదంతా అక్కర్లేదు. అవి ఎక్కువగా సిస్టమ్ ఖాతా కింద సర్వీసుగా నడుస్తాయి, కంప్యూటర్ లోపల చదవడానికి దానికి కావలసిన అధికారం ఉంటుంది. చిక్కంతా కంప్యూటర్ గడప దాటాక మొదలవుతుంది. సిస్టమ్ ఖాతా ఈ కంప్యూటర్‌కే పెద్ద, నాస్ పెట్టెకు అదెవరో తెలియదు.

నెట్‌వర్క్ దగ్గర వచ్చే చిక్కులు

మీరు లాగిన్ అయి చూస్తే నాస్‌ను మ్యాప్ చేసుకున్న జెడ్ డ్రైవ్ కనిపిస్తుంది. రాత్రి నడిచే బ్యాకప్‌కు ఆ డ్రైవ్ లేనే లేదు. మ్యాప్ చేసిన డ్రైవ్ ఎవరు మ్యాప్ చేసుకుంటే వాళ్ల సెషన్‌కే పరిమితం. కాబట్టి గమ్యం దగ్గర జెడ్ అని రాయకుండా, రెండు వెనకగీతలతో మొదలయ్యే పూర్తి దారి రాయండి: నాస్ పేరు, తర్వాత షేర్ పేరు. నాస్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ లోపలే ఇవ్వండి.

విండోస్ 11 ప్రో 24హెచ్2 వచ్చాక చాలా అంగళ్లలో నాస్ ఉన్నట్టుండి తెరుచుకోవడం మానేసింది. "మీ సంస్థ భద్రతా విధానాలు గెస్ట్ ప్రవేశాన్ని అడ్డుకుంటున్నాయి" అనే అర్థం వచ్చే మెసేజ్ ఇంగ్లీషులో కనిపిస్తుంది. సంస్థ అంటూ ఏదీ లేకపోయినా, అంగడిలో ఉన్నది మీరూ మీ గుమాస్తా మాత్రమే అయినా అదే మెసేజ్. పాస్‌వర్డ్ లేకుండా గెస్ట్‌గా షేర్‌లోకి వెళ్లడాన్ని ఇప్పుడు విండోస్ ఒప్పుకోదు, పైగా ఫైల్ షేరింగ్ సంభాషణకు ఎస్‌ఎంబీ సైనింగ్ (ప్రతి మెసేజ్ మీద డిజిటల్ సంతకం) కూడా తప్పనిసరి చేసింది. దీన్ని పాలసీలో వెనక్కి తిప్పే మార్గాలు దొరుకుతాయి, తిప్పకండి. నాస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి "బ్యాకప్" అనే యూజర్‌ను సృష్టించి, ఒక షేర్‌కు మాత్రమే రాసే అనుమతి ఇవ్వండి, గెస్ట్‌ను తీసేయండి. పది నిమిషాల పని. పాత నాస్ అయితే ముందు ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయండి.

నాస్‌కు ఎస్‌ఎంబీ వెర్షన్ 1 తప్ప వేరేది రాకపోతే దాన్ని మార్చేయడమే నా సలహా. 2017లో ప్రపంచమంతా వ్యాపించిన వానక్రై రాన్సమ్‌వేర్ ఆ వెర్షన్‌లోని లోపం మీదుగానే పాకింది. ఆ ఏడాది నుంచే విండోస్ కొత్త ఇన్‌స్టలేషన్లలో దాన్ని పెట్టడం మానేసింది. ఒక పాత పెట్టె కోసం దాన్ని మళ్లీ ఆన్ చేయడం దండగ.

రోజూ టాలీ వాడే లాగిన్‌లో ఆ నాస్ బ్యాకప్ షేర్‌ను మ్యాప్ చేయకండి, "రిమెంబర్ మై క్రెడెన్షియల్స్" టిక్ పెట్టకండి. గుమాస్తా ఏదో మెయిల్ అటాచ్‌మెంట్ తెరిస్తే దానితో వచ్చిన రాన్సమ్‌వేర్, ఆ లాగిన్‌కు ఎక్కడెక్కడ రాసే అనుమతి ఉందో అక్కడికల్లా వెళ్తుంది. నాస్‌లో స్నాప్‌షాట్ సదుపాయం (ఫైళ్ల పాత స్థితులను దాచి ఉంచేది) ఉంటే ఆన్ చేయండి.

ఎక్స్‌టర్నల్ డిస్క్, బిట్‌లాకర్

బ్యాంకులు, ఆసుపత్రులు, పెద్ద కంపెనీల బ్రాంచి ఆఫీసుల్లో ఎక్స్‌టర్నల్ డిస్క్ పెడితే చదవొచ్చు, రాయలేరు. విండోస్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ రక్షణ లేని డిస్క్‌లో రాయకూడదన్న పాలసీ అక్కడ పెట్టి ఉండొచ్చు. ఆ డిస్క్‌ను బిట్‌లాకర్‌తో ఎన్‌క్రిప్ట్ చేస్తే అడ్డు తొలగుతుంది. ప్రోలో ఇది చేయొచ్చు. 48 అంకెల రికవరీ కీని ప్రింట్ తీసి కంప్యూటర్ ఉన్న గదిలో కాకుండా వేరేచోట పెట్టండి. అదే డిస్క్‌లో టెక్స్ట్ ఫైలుగా దాచినవాళ్లు కూడా ఉన్నారు, ఏం చెప్పాలి.

రాత్రి బ్యాకప్ ఈ డిస్క్ మీదికే వెళ్తుంటే, రీస్టార్ట్ తర్వాత డిస్క్ లాక్‌లో ఉండిపోయి బ్యాకప్ ఫెయిల్ కావొచ్చు. ఆటో అన్‌లాక్ పెట్టుకోవచ్చు. నాకు మాత్రం రెండు డిస్కులు పెట్టుకుని వారానికొకసారి మార్చుకోవడం నచ్చుతుంది: ఒకటి అంగడిలో, ఒకటి ఇంట్లో. 2009 అక్టోబర్ మొదట్లో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు ఊళ్లోకి నీళ్లొచ్చాయి. ఇల్లూ అంగడీ పాతబస్తీలోనే ఉంటే, రెండో డిస్క్‌కు ఇంకో చోటు చూడండి. నంద్యాలలోనో డోన్‌లోనో ఉన్న బావమరిది ఇల్లయినా ఫర్వాలేదు, ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటుంది కాబట్టి బయటివాళ్లు చదవలేరు.

టాస్క్ షెడ్యూలర్‌లో చూడాల్సినవి

టాస్క్ ప్రాపర్టీస్‌లో కండిషన్స్ ట్యాబ్ తెరవండి. కరెంటు మీద ఉంటేనే మొదలుపెట్టు, బ్యాటరీకి మారితే ఆపు అనే రెండు టిక్‌లు మామూలుగా పెట్టే ఉంటాయి. ల్యాప్‌టాప్ అయితే ఇది అర్థమవుతుంది. యూపీఎస్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపిన డెస్క్‌టాప్‌ను కూడా విండోస్ బ్యాటరీ ఉన్న కంప్యూటర్‌గానే చూస్తుంది. ఎండాకాలం రాత్రి కరెంటు పోగానే బ్యాకప్ ఆగిపోతుంది, పొద్దున చూస్తే ఏ భద్రతా లాగ్‌లోనూ ఏమీ ఉండదు. యూపీఎస్ బ్యాకప్ పూర్తయ్యేదాకా నిలబడుతుందనుకుంటే ఆ టిక్‌లు తీసేయండి. లేదంటే ఉండనిచ్చి, సెట్టింగ్స్ ట్యాబ్‌లో తప్పిపోయిన టాస్క్‌ను వీలైనంత త్వరగా నడపమనే టిక్ పెట్టండి; అసలు మొదలవని టాస్క్‌కే ఇది పనికొస్తుంది, మధ్యలో ఆగినదాన్ని మీరే మళ్లీ నడపాలి.

యూజర్ లాగిన్ అయినా కాకపోయినా నడవమనే ఎంపిక తీసుకోండి. హిస్టరీ మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, కుడివైపు ఎనేబుల్ ఆల్ టాస్క్స్ హిస్టరీ నొక్కండి. రోబోకాపీతో నడిపేవాళ్లకు ఒక మాట: లాస్ట్ రన్ రిజల్ట్‌లో 1 కనిపిస్తే కంగారు పడకండి, ఫైళ్లు కాపీ అయ్యాయని దాని అర్థం. రోబోకాపీ లెక్కలో 8, అంతకు పైన వచ్చేవే నిజమైన వైఫల్యాలు. మిర్రర్ స్విచ్ మాత్రం ఆలోచించి వాడండి. ఇక్కడ చెరిపేసిన ఫైలును అక్కడ కూడా చెరిపేస్తుంది, పాడైన ఫైలుతో మంచి కాపీని కప్పేస్తుంది.

తిరిగి తెచ్చి చూడండి

ఇప్పుడు రిస్టోర్ పరీక్ష. ముందు వేరే ఖాళీ ఫోల్డర్‌లోకి తెచ్చి తెరుచుకుంటుందో లేదో చూడండి. టాలీ కాపీ అయితే అదే డేటా మెనూలోని రిస్టోర్‌తో వేరే ఫోల్డర్‌లోకి తెచ్చి, ఆ కంపెనీ తెరిచి ట్రయల్ బ్యాలెన్స్‌ను అసలుదానితో సరిచూడండి. అసలు డేటా ఫోల్డర్ మీదికి పొరపాటున కూడా తేకండి.

రెండో పరీక్షగా డాక్యుమెంట్స్ లోపల "పరీక్ష" అని ఒక ఫోల్డర్ పెట్టి అందులో పనికిరాని ఫైలు ఒకటి ఉంచండి. బ్యాకప్ అయ్యాక దాన్ని చెరిపేసి అక్కడికే తిరిగి తెప్పించండి. కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనుమతి సరైన ప్రోగ్రామ్‌కే పడిందో లేదో దీంతో తేలిపోతుంది. 1123 వస్తే ఈసారి పేరు వేరేగా ఉండొచ్చు. కొన్ని సాఫ్ట్‌వేర్‌లలో బ్యాకప్ చేసే ప్రోగ్రామ్ ఒకటి, రిస్టోర్ చేసేది ఇంకొకటి. దానికీ అనుమతి ఇవ్వండి. ఈ పరీక్షలకు నెల మొదట్లో ఏదైనా యార్డు సెలవు రోజు చూసుకోండి.

సెట్టింగ్ మీ చేతిలో లేనప్పుడు

"ఈ సెట్టింగ్‌ను మీ అడ్మినిస్ట్రేటర్ నిర్వహిస్తున్నారు" అని కనిపిస్తే అక్కడితో ఆగండి. రిజిస్ట్రీలో వేలు పెట్టి ఆ రోజుకు గెలిచినా, పాలసీ మళ్లీ తాజా అయినప్పుడు పాత స్థితికి వచ్చేస్తుంది, మీ పేరు మీద ఒక ప్రశ్న మిగులుతుంది. అడ్మిన్‌కు రాయండి. "సార్, బ్యాకప్ పనిచేయట్లేదు" అని రాస్తే "చూస్తాం" అన్న జవాబే వస్తుంది. ఇలా రాస్తే పని జరుగుతుంది:

"సార్, నమస్తే. కర్నూలు బ్రాంచి అకౌంట్స్ కంప్యూటర్‌లో నిన్న రాత్రి 10.30కి బ్యాకప్ రిస్టోర్ ఆగింది. డిఫెండర్ ఆపరేషనల్ లాగ్‌లో ఈవెంట్ 1123 ఉంది, స్క్రీన్‌షాట్ జత చేశాను. ఆగిన ప్రోగ్రామ్ పూర్తి దారి, దాని డిజిటల్ సంతకంలోని కంపెనీ పేరు, వెర్షన్ కింద రాశాను. డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లోకి రిస్టోర్ చేయడానికి ఈ ఒక్క ప్రోగ్రామ్‌కు కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్‌లో అనుమతి కావాలి. డిఫెండర్ ఆపాల్సిన అవసరం లేదు. మీరు పెట్టాక మా వైపు సర్వీసు రీస్టార్ట్ చేసి, పరీక్షించి చెప్తాను."

చివర్లోని ఆ రెండు వాక్యాలు చూస్తే అడ్మిన్‌కు సగం భయం పోతుంది. యాప్‌లాకర్ 8004, యాప్ కంట్రోల్ 3077 విషయంలో కూడా ఇలాగే రాయండి, కాకపోతే అక్కడ ఫోల్డర్ దారి మీద కాకుండా ప్రచురణకర్త సంతకం మీద నియమం పెట్టమని అడగండి. దారి మీద పెట్టిన నియమం ఉంటే, ఆ ఫోల్డర్‌లో రాయగలిగే ఎవరైనా తమ ప్రోగ్రామ్‌ను అక్కడ పెట్టి నడుపుకోవచ్చు. సంతకం మీద పెడితే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయినప్పుడల్లా మళ్లీ అడగాల్సిన పని కూడా తగ్గుతుంది.

ఎప్పుడైనా బ్యాకప్ సాఫ్ట్‌వేర్ మారిస్తే, పాతదాన్ని తీసేసిన రోజే అనుమతుల జాబితాలోంచి దాని పేరు, నాస్‌లోంచి దాని యూజర్, షెడ్యూలర్‌లోంచి దాని టాస్క్ కూడా తీసేయండి.